పదసాంగత్యము: వాచకపు గంటలో మాటలు నేర్పు విధము

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు తెలుగు చెప్పు ఏ పాఠశాలలో అడుగు పెట్టినను, కొత్త పాఠము ప్రారంభమైన మరునాటికే పిల్లల నోటుపుస్తకములలో నిలువుగా ఒక గీత వెలసి, దానికి ఎడమవైపున ‘కఠినపదములు’ అనియు, కుడివైపున ‘అర్థములు’ అనియు రెండు వరుసలు బారులు తీరుట మనమందరము ఎరిగిన విషయమే. ఎడమవైపున కాసారము అని యుండును. దానికెదురుగా సరోవరము అని యుండును. ఆ పిల్లవాడు తన ఊరి చెరువులో ప్రతి వేసవిలోను ఈదినవాడే. కాని వానికి కాసారమన నేమో తెలియదు, సరోవరమన నేమో అంతకంటె తెలియదు. తెలియని మాటకు తెలియని మాటయే అర్థమని వ్రాసికొని, రెంటిని జంటగా వల్లెవేసి, పరీక్షనాడు ఒప్పజెప్పి, రావలసిన మార్కులు పుచ్చుకొని, ఆ సాయంకాలమునకే రెంటిని మరచి అతడు సుఖముగా ఉండును. మార్కులు వేసిన ఉపాధ్యాయుడును పదములు నేర్పితినని సుఖముగానే ఉండును.

ఈ అధ్యాయమున నేను ప్రతిపాదింపదలచిన పద్ధతి ఆ నిలువుగీతను చెరిపివేయుటతో ప్రారంభమగును. పదమును నేర్చుట యనగా దానితో సాంగత్యము చేయుట. సాంగత్యము ఒక్క చూపుతో ఏర్పడదు; నలుగురిలో చూడవలెను, ఏకాంతమున మాటలాడవలెను, పనిలో పరీక్షింపవలెను. కాబట్టి పాఠమునకు ఇరువది పదములు చొప్పున ముఖపరిచయము చేయించి విడిచిపెట్టుటకంటె, అయిదారు పదములనే వివేకముతో ఎన్నుకొని, వానిని పలుమారులు, పలు సందర్భములలో, పిల్లల నోటను చేతను వాడింపజేయుట మేలు. చెప్పుటకు ఇది సులభము. ఏ అయిదు పదములను ఎన్నుకొనవలెను, వానితో ఏమి చేయింపవలెను అను ప్రశ్నల వద్దనే ఉపాధ్యాయుని నేర్పంతయు అవసరమగుచున్నది.

మన పూర్వులు పదసంపదను అశ్రద్ధ చేసిరని ఎవరును అనజాలరు. వీధిబడిలో ఇసుకపై ఓనమాలు దిద్దిన బాలుడు కొన్నాళ్లకే అమరకోశమునకు వచ్చి, స్వర్గవర్గము మొదలుకొని మూడు కాండములను వర్గక్రమమున కంఠస్థము చేసెడివాడు. అచ్చతెలుగు పదములకు గూడ పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషమును పద్యములలో కూర్చి యిచ్చిరి. ఈ ధారణను నేటివారు చులకన చేయుట నాకు సమ్మతము కాదు. పదములను ఒంటరిగా గాక వర్గములుగా, బంధువులతో కూడ నేర్పుట యనునది మిక్కిలి తెలివైన ఏర్పాటు. అయితే ఆ చదువునకు రెండవ భాగమొకటి యుండెడిది. అమరము ముగించినవాడు కావ్యమునకు పోయి, తాను వల్లించిన ప్రతి పదమును అక్కడ సజీవముగా, సందర్భసహితముగా మరల కలిసికొనెడివాడు. ఆ రెండవ భాగమునకు చేరకయే బడి మానినవానికి శబ్దములు మిగిలెడివి, అంతే. నేటి మన తరగతిలో ఆ ధారణయు లేదు, ఆ కావ్యపఠనమును లేదు. ఆ రెండును పోగా మిగిలినది నిలువుగీత.

పదము తెలియుట యనునది ఉన్నది, లేదు అని రెండు ముక్కలలో తేలు వ్యవహారము కాదు. ఎడ్గార్ డేల్ అను అమెరికా విద్యావేత్త 1965 లో దీనికి నాలుగు మెట్లు చెప్పెను: ఎన్నడును వినని పదము, విన్నట్లుండియు అర్థము తెలియని పదము, వాక్యములో కనబడినప్పుడు కొంత స్ఫురించు పదము, చక్కగా తెలిసిన పదము. పాఠము ప్రారంభమునకు ముందే ఎన్నుకొన్న పదములను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్క పదమునకు తాను ఏ మెట్టుపై నున్నాడో పిల్లవానినే అంకె వేసికొమ్మని చెప్పుడు. దీనికి మార్కులు లేవని ముందే స్పష్టపరుపవలెను. లేనిచో అందరును నాలుగు అంకెయే వేయుదురు. పాఠము ముగిసిన పిదప మరల అంకె వేయించినచో, మూడవ మెట్టునుండి నాలుగవదానికి ఎక్కుటయే అన్నింటికంటె కష్టమని పిల్లలే కనిపెట్టుదురు.

ఇక ఎన్నిక. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకియోన్, లిండా కుకన్ అను ముగ్గురు విదుషీమణులు 2002 లో ప్రకటించిన ఒక గ్రంథమున పదములను మూడు అంతస్తులుగా విభజించిరి. ఇంటిలోనే అబ్బు మాటలు మొదటివి. ఒక్కొక్క శాస్త్రమునకు పరిమితమైన పారిభాషిక పదములు మూడవవి. ఏ విషయమును చదివినను ఎదురగుచు, మాటలలో అరుదుగాను వ్రాతలో తరచుగాను కనబడు పదములు రెండవవి. బడిలో శ్రమ పడదగినది ఈ రెండవ అంతస్తుపైననే అని వారి నిర్ణయము. బాష్పోత్సేకము వంటి మూడవ అంతస్తు పదమును సామాన్యశాస్త్ర పాఠములో, మొక్క ఎదుట నిలిచి నేర్చుకొనుటయే న్యాయము గదా!

ఈ విభాగము ఆంగ్లమున కుద్దేశింపబడినదైనను మనకును చాలవరకు సరిపోవును. అయితే తెలుగు వాచకములలో వారి లెక్కకు రాని మరియొక జాతి కలదు. పిల్లవానికి బాగుగా తెలిసిన వస్తువునకే కావ్యభాష పెట్టిన వేరు పేర్లవి. పరవస్తు చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో తెనిగించిన మిత్రలాభమునందలి చిత్రగ్రీవుని కథ ఏ రూపమున పాఠమైనను, అందు కపోతము, మూషికము, శాల్మలి వంటి మాటలు తారసిల్లవచ్చును. ఇవి పావురము, ఎలుక, బూరుగు. చూపునకు కఠినములు, భావమునకు సులభములు. మన అర్థముల పట్టికలు ఎక్కువగా వీనితోనే నిండిపోవుచున్నవి. ఏలయన పిల్లవానికి తెలియదని చూడగానే తెలియునవి ఇవే, ఒక్క మాటలో అర్థము వ్రాయ వీలగునవియు ఇవే. చదువుచు చదువుచు ఒక్క ఊపిరిలో ‘కపోతమంటే పావురమే’ అని చెప్పి ముందుకు సాగుడు. పద్యములలో వీనికి గొప్ప గౌరవము కలదు. అక్కడ కనబడినప్పుడు నమస్కరించుట చాలును.

అదే కథలో నిజముగా నిలువదగిన మాటలు వేరు. నిర్జనవనమున నూకలేల యుండునని పావురముల రాజగు చిత్రగ్రీవుడు హెచ్చరించును. తక్కిన పావురములు ఆ హెచ్చరికను ఉపేక్షించును. వలలో చిక్కిన పిమ్మట, దిగుదమన్నవానిని అందరును నిందింతురు. ఇది నిందించు సమయము కాదు, ఉపాయము చూడుమని రాజు వారించును. ఏకీభవించి వలతో సహా ఎగిరిపోవుదురు. వారు చేరిన మిత్రుడు, ఎలుకయగు హిరణ్యకుడు మొదట రాజు బంధములనే కొరుకబోగా, ముందు నా ఆశ్రితుల బంధములను త్రెంపుమని చిత్రగ్రీవుడు కోరును. ఉపేక్షించు, నిందించు, ఏకీభవించు, ఆశ్రితుడు: ఈ నాలుగు మాటలు ఈ కథను విడిచి వార్తాపత్రికకును, చరిత్రపాఠమునకును, న్యాయస్థానపు తీర్పునకును, పెద్దవాడైన పిదప అతడు చదువబోవు నవలకును ప్రయాణము చేయును. మూషికము తన కలుగులోనే ఉండిపోవును. పదమును ఎన్నుకొనునప్పుడు, ఈ మాట ఈ పాఠమును దాటి ఎంత దూరము పోగలదు అని ప్రశ్నించుకొనుట నా ఎరుకలో అన్నింటికంటె నమ్మదగిన గీటురాయి.

ఉపేక్షించు అను ఒక్క మాటను తరగతిలో ఎట్లు నడపవచ్చునో కొంచెము దగ్గరనుండి చూతము. కథను ఆ ఘట్టము వరకు చదివి, అక్కడ ఆగి, అర్థమును పిల్లల వాడుకమాటలలో చెప్పవలెను: “పట్టించుకోవలసిన సంగతి అని తెలిసి కూడా పట్టించుకోకుండా వదిలేయడమే ఉపేక్షించడం.” ‘నిర్లక్ష్యము’ అని ఒక్క మాటతో తేల్చివేయుటకును దీనికిని గల భేదమును గమనింపుడు. ఇందు రెండు నిబంధనలున్నవి: అది పట్టించుకొనదగినదై యుండవలెను, ఆ సంగతి వానికి తెలిసి యుండవలెను. ఇప్పుడు ఆ నిబంధనలనే పరీక్షించు ప్రశ్నలు వేయవలెను. “కాలిలో ముల్లు విరిగింది. నొప్పిగా ఉన్నా రెండు రోజులు ఊరుకున్నావు. ఉపేక్షించినట్టేనా?” అని అడిగినచో తరగతి అంతయు అవుననును. “వీధిలో కుక్క మొరిగింది. నీ దారిన నువ్వు పోయావు. ఉపేక్షించినట్టేనా?” అని అడిగినచో కొందరు అవునందురు, కొందరు కాదందురు. “మొరగడం దాని పని మాస్టారూ, అదేం పట్టించుకోవలసింది కాదు” అని ఒకడు లేచును. “అది పిచ్చికుక్కయితేనో?” అని వెనుకబల్లనుండి మరియొకడు అందుకొనును. తరగతిలో గోల చెలరేగును. ఆ గోలను అణచకుడు. ఆ నిమిషమున వారు ఆ పదపు ఎల్లలను తమంత తామే కొలుచుచున్నారు. “మరి సంగతే తెలియక వదిలేస్తే?” అని మీరు తుది ప్రశ్న వేసినచో, అది ఉపేక్ష కాదు, పొరపాటు అని ఎవరో ఒకరు చెప్పకపోరు.

అపేక్ష, ఉపేక్ష అను రెంటిని పిల్లలు తారుమారు చేయుట సర్వసాధారణము; మరునాడు ఈ జంటనే తీసికొనుడు. అపేక్ష కోరిక, ఆపేక్ష యని మనము వాడుకలో అనునది మమత, ఉపేక్ష పట్టనితనము. అక్కడినుండి ఈక్షణము అనగా చూచుట అని ఒక్క మూలమును చూపినచో, పరీక్ష, నిరీక్షణ, సమీక్ష, ప్రతీక్ష అన్నియు వరుసగా వచ్చి నిలుచును. నలుదిశల చూచుట పరీక్ష, ఎదురుచూచుట నిరీక్షణ, లెస్సగా చూచుట సమీక్ష. ఒక్కొక్క ఉపసర్గ ఒకే చూపును ఎట్లు మళ్లించుచున్నదో పిల్లలకు తెల్లమగును. ఉపసర్గలు ఇరువదిరెండనియు, వాని పేర్లు ఇవియనియు వల్లింపజేయుటకంటె, ఇట్లు ఒక్క కుటుంబమును సమగ్రముగా చూపుట ఫలప్రదము. తెలుగు ప్రత్యయములకును ఇదే మర్యాద చేయవలెను. రాబడి, దిగుబడి, పెట్టుబడి, పలుకుబడి అని వ్రాసి, వీనిలో సమానమైన తోకను పట్టుకొమ్మనుడు; పేదరికము, చుట్టరికము, పెద్దరికము అని వ్రాసి, ఇంకొకటి తెమ్మనుడు. సంస్కృతసమాసములను విడదీయుటయే పాండిత్యమనుకొని తెలుగు మాటల కట్టుబడిని మనము చూపకపోవుట గొప్ప లోపము.

ఇంతకును ఒక్క పదముతో ఎన్నిమార్లు సాంగత్యము చేయింపవలెను? మెకియోన్, బెక్ మొదలగువారు 1985 లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగుమారులు ఎదురైన పదమునకు పిల్లలు అర్థము చెప్పగలిగిరి గాని, ఆ పదమున్న కథను బాగుగా గ్రహించుటకు అది చాలలేదనియు, పండ్రెండుమారులు ఎదురైన పిమ్మటనే, అదియు ఆలోచింపజేయు బోధనతో కూడినప్పుడే, ఆ ఫలము కనిపించెననియు తేలినది. అర్థము చెప్పగలుగుట వేరు, చదువునప్పుడు తడుముకొనక సాగిపోవుట వేరు. ఈ భేదమును మన పరీక్షలు ఎన్నడును పట్టుకొనలేదు.

పండ్రెండుమారులు ఎక్కడినుండి వచ్చును? నలుబది అయిదు నిమిషముల పీరియడులో పాఠము ముగియుటయే గగనమని మీరనవచ్చును. పైగా నేడు పెక్కు బడులలో లెక్కలు, చరిత్ర, సామాన్యశాస్త్రము సర్వమును ఆంగ్లముననే సాగుచుండగా, తెలంగాణమున 2018 నాటి చట్టము పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసినను, పిల్లవానికి వ్రాతతెలుగు వినబడు తావు ఆ ఒక్క పీరియడే యగుచున్నది. కాబట్టి ఉపాధ్యాయుని సొంత మాటయే మొదటి సాధనము కావలెను. “నిన్నటి హోంవర్కును ఉపేక్షించిన వారెవరు?” అని అడుగుటకు ప్రత్యేకముగా కాలము పట్టదు. “ఈ జవాబుతో ఎందరు ఏకీభవిస్తారు?” అను ప్రశ్న రోజుకొకసారి వేయవచ్చును. గోడపై ఒక అట్ట అంటించి, ఆ నెలలో నేర్చిన పదములను వ్రాసి, వానిలో దేనినైనను బడి వెలుపల, అనగా దినపత్రికలోనో, టీవీ వార్తలలోనో, తాతగారి మాటలలోనో, గుడి వద్ద పురాణకాలక్షేపములోనో పట్టుకొని వచ్చిన పిల్లల పేర్లను ఆ పదము ఎదుట వ్రాయుడు. బెక్ ప్రభృతులు తమ తరగతులలో ఇట్టి పనినే చేయించిరి. పిల్లలు మొదటి వారమున ఒకటి రెండు తెత్తురు. పిదప తమలో తాము పోటీపడి, వినని మాటను గూడ విన్నామని చెప్పుటకు వెనుదీయరు. ఎక్కడ విన్నావు, ఎవరన్నారు, ఏ సందర్భమున అన్నారు అని మూడు ప్రశ్నలు వేసినచో సత్యము బయటపడును; ఒకవేళ అతడు ఆ సందర్భమును కల్పించియే చెప్పినను, పదమును సరిగా వాడి కల్పించినచో మనకు వచ్చిన నష్టమేమియు లేదు.

పర్యాయపదముల విషయమున నాకొక పాత ఫిర్యాదు కలదు. కోపము అనగా ఆగ్రహము, క్రోధము, అలుక, రోషము అని ఒకే గాట కట్టి వ్రాయించుట వలన, ఇవన్నియు ఒకటే యను భ్రమను మనమే నాటుచున్నాము. ఒక జిల్లాపరిషత్తు పాఠశాలలో ఎనిమిదవ తరగతిని నడిపిన ఒక ఉపాధ్యాయుడు ఈ మాటలను అట్టముక్కలపై వ్రాసి, తక్కువనుండి ఎక్కువకు పేర్చుడని పిల్లలకిచ్చుట నేను చూచితిని. చిరాకు, కోపము, ఆగ్రహము, క్రోధము వరకు వరుస చకచక సాగినది. అలుక వద్దకు వచ్చునప్పటికి చేతులు నిలిచిపోయినవి. “ఇది ఎక్కడ పెట్టినా కుదరట్లేదండీ” అని ఒక బాలిక అన్నది. “ఎందుకు కుదరట్లేదు?” “దారిన పోయేవాడి మీద అలగం కదండీ. మా చెల్లి గాజులు కొనలేదని అమ్మ మీద అలిగింది, గాజులవాడి మీద అలగలేదు.” ఆ ఉపాధ్యాయుడు మాట తొందరపడక, ఆ ముక్కను వరుసనుండి తీసి ప్రక్కన పెట్టించి, దాని తోడుకు ఇంకేవి రావలెనని అడిగెను. ఉక్రోషము వచ్చినది, అది ఆటలో ఓడినవానికి, ఏమియు చేయలేనివానికి కలుగునదని ఒకడు నిరూపించెను. రోషము మాటపడినవానికి వచ్చునని మరియొకడు చెప్పెను. అప్పుడు ఆయన నంది తిమ్మన పారిజాతాపహరణములో సత్యభామకు వచ్చినది వీనిలో ఏదో చెప్పుడని, ఆ కథను నాలుగు మాటలలో వినిపించెను. అలుక అని కొందరు, కాదు, సవతికి పువ్వు పోయినది గనుక రోషమని కొందరు వాదించిరి. గంట కొట్టినను ఎవరును లేవలేదు. ఆ వాదము నేటికిని తెగలేదని నా నమ్మకము. తెగవలసిన అవసరమును లేదు.

ప్రకృతివికృతులను గూర్చియు ఇంచుమించుగా ఇదే చెప్పవలసి యున్నది. యాత్రకు వికృతి జాతర, భాషకు వికృతి బాస అని ఎదురెదురుగా వ్రాయించి మనము ఊరకుందుము. కాని కాశికి పోవునది యాత్ర, మేడారములో సమ్మక్క సారలమ్మలకు జరుగునది జాతర. మాటాడునది భాష, చేసి తప్పరానిది బాస. వికృతులలో పెక్కు తమ ప్రకృతులను విడిచి వేరు కాపురము పెట్టినవని చూపినచో, ఒక్క మార్కు ప్రశ్నగా మిగిలిన ఆ పట్టిక పిల్లలకు వినోదస్థానమగును.

పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకొన్న మాటలను గూర్చి కొంత విపులముగా చెప్పుట అవసరమని నా అభిప్రాయము. ‘భాష రానివాడు’ అని మనము ముద్ర వేసిన బాలుడు, తండ్రితో పొలమునకు పోవునట్టివాడైనచో, అదును, పదును, కాడి, మేడి, కర్రు, గుంటక, గొర్రు, కల్లము, తూర్పారబట్టుట మొదలగు మాటలను మనకంటె నిర్దుష్టముగా ఎరుగును. మగ్గము గల ఇంటి బాలికకు పడుగేదో, పేక యేదో, నాడె ఎటునుండి ఎటు పోవునో, కండె ఎప్పుడు మార్చవలెనో తెలియును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమును సంకల్పించి, 1962 లో వ్యవసాయపదములతో మొదటి సంపుటమును, 1971 లో చేనేతపదములతో రెండవ సంపుటమును వెలువరించునప్పుడు, పండితుల ఇండ్లకు గాక రైతుల వద్దకును నేతగాండ్ర వద్దకును పోయి సేకరింపవలసి వచ్చినది. ఆ పండితుడు వెదకిన నిధి మన బల్లలమీద చేతులు కట్టుకొని కూర్చున్నది. పాఠములో ‘జీవితమున సుఖదుఃఖములు పడుగుపేకలు’ అని వచ్చినప్పుడు, అర్థము చెప్పుట మాని, ఆ బాలికను లేపి, మగ్గము మీద ఏమి జరుగునో చెప్పుమనుడు. తరువాత ఈ పోలిక సరిపోయినదా యని ఆమెనే అడుగుడు. ‘పదును దప్పిన చేను’ అను మాట వచ్చిన నాడు వెనుకబల్ల పిల్లవాడు ముందుబల్లకు రావలెను. తెలంగాణపు పిల్లవాడు తొవ్వ అన్నప్పుడు దిద్దబోకుడు. కావ్యములలోని త్రోవకు అది దారి కంటె దగ్గరి చుట్టము. ఇంటి మాట తప్పని చెప్పి బడి మాటను పెట్టినచో, పిల్లవాడు రెంటిని విడిచి మౌనమును ఆశ్రయించును. ఇంటి మాట ప్రక్కన బడి మాటను కూర్చుండబెట్టినచో, వానికి రెండును దక్కును.

సొంతవాక్యముల ప్రహసనమును ప్రస్తావింపక ముందుకు పోలేను. “ఉపేక్ష: నాకు ఉపేక్ష అంటే చాలా ఇష్టం.” “ఆశ్రితుడు: మా ఊరిలో ఒక ఆశ్రితుడు ఉన్నాడు.” ఈ రెండు అచ్చులలో తెలుగుభాషలోని నామవాచకములన్నియు ఇమిడిపోవును, అర్థము మాత్రము ఒక్కింతయు తెలియనక్కరలేదు. గైడులలో దొరకు వాక్యములు ఇంతకంటె శుద్ధములే గాని పిల్లవానివి కావు. దీనికి నేను కనుగొన్న ఉపాయము చిన్నది. వాక్యమును సగము మీరే వ్రాసి యిచ్చి, పదము ఆ సగములో ఉండునట్లు చూచి, మిగిలిన సగమును పూర్తి చేయుడని చెప్పుడు: “జ్వరాన్ని ఉపేక్షించడం వల్ల రాజయ్య...”, “అందరూ ఏకీభవించినా రమణ మాత్రం...” అని. ఇప్పుడు అర్థము తెలియక ముందుకు కదలుట అసాధ్యము. పూర్తి వాక్యమును వారే వ్రాయవలసి వచ్చినప్పుడు, ‘ఎందుకంటే’ అను మాట అందు తప్పక ఉండవలెనని నియమము పెట్టినచో చాలును. ఆశ్రితుడు ఊరిలో ఊరకే ఉండలేడు, ఎవరిని ఎందులకు ఆశ్రయించెనో చెప్పితీరవలెను.

నిఘంటువును పిల్లల చేతికిచ్చునప్పుడు తొందరపడరాదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885 నాటిది. పిఠాపురము రాజావారి పోషణలో సిద్ధమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936 లో వెలువడినది. పాఠశాలలో ఏది యున్నను, లేక ఆంధ్రభారతి వంటి చోట ఫోనులోనే పలు కోశములను ఒక్కసారి వెదకినను, పిల్లవానికి మొదట రెండు చిక్కులు ఎదురగును. వాచకములోని రూపము కోశములో ఉండదు: ‘వారించుచుండగా’ అని వెదకినవానికి నిరాశయే, ‘వారించు’ అని వెదకుట నేర్పవలెను. సంధిలో కలిసిన మాటను విడదీయుట అంతకంటె ముందు నేర్పవలెను. రెండవ చిక్కు, దొరకిన అర్థములలో మొదటిదానిని పట్టుకొని పరుగెత్తుట. కరము అనగా చేయి, కిరణము, పన్ను, తొండము. ‘రాజు ప్రజల నుండి కరము గ్రహించెను’ అను వాక్యమునకు చేయి అని వ్రాసినవాని పుస్తకములో ఆ రాజు ఊరివారందరి చేతులు పట్టుకొనుచు తిరిగి యుండును. నవ్వుకొని, ఆ నాలుగు అర్థములకు నాలుగు వాక్యములు తెమ్మని అడుగుడు.

చదివి వినిపించుటను ఎనిమిదవ తరగతిలో మానివేయుట మరియొక దురాచారము. ఎదిగిన పిల్లలకు గూడ వారమునకొకసారి, పరీక్షలో రాదని ముందే చెప్పి, ఒక మంచి కథను పైకి చదివి వినిపింపవలెను. 1947 జూలైలో పుట్టిన చందమామను చదివి పెరిగిన తరములకు పన్నాగము, హఠాత్తుగా, దిగ్భ్రాంతి, ప్రలోభము వంటి మాటలు ఎవరును అర్థము చెప్పకయే అబ్బినవి. ఆ మాటలు లేనిదే కథ తరువాత ఏమైనదో తెలియదు. గ్రంథాలయపు బీరువాకు తాళమున్న బడులలో ఆ తాళపుచెవి ఎవరివద్ద నున్నదో కనుగొనుట ఉపాధ్యాయుని మొదటి కర్తవ్యము.

ఇక పరీక్షను గూర్చి. ‘ఈ క్రింది పదములకు అర్థములు వ్రాయుము’ అను ప్రశ్న ఉన్నంతకాలము నిలువుగీత మరల మొలచుచునే యుండును. పబ్లిక్ పరీక్ష మన చేతిలో లేదు. ఆరు, ఏడు తరగతుల యూనిట్ పరీక్షలలో మనమే కూర్చు ప్రశ్నలు మన చేతిలోనే యున్నవి. ఆశ్రితుడు ఆశ్రయమిచ్చువాడా, పొందువాడా? ఒక్కడే ఉన్నవాడు ఏకీభవింపగలడా? నిందించుటకును హెచ్చరించుటకును భేదమేమి, చిత్రగ్రీవుడు ఏది చేసెను? ఉదారుడైన లోభి ఉండునా? ఇట్టి వానికి ఒక్క మార్కు అవును కాదనుటకు, రెండు మార్కులు కారణమునకు ఇయ్యవలెను. కడపటి ప్రశ్నకు లేడని వ్రాయుదురని మీరు ఎదురుచూచుచుండగా, ఏ గడుగ్గాయియో ‘ఉంటాడు, ఎదుటివాళ్ల సొమ్ము అయితే ఎంతైనా దానం చేస్తాడు’ అని వ్రాయును. వానికి మూడు మార్కులును ఇచ్చి, ఆ జవాబును మరునాడు తరగతిలో చదివి వినిపించి, దానితో ఎందరు ఏకీభవింతురో చేతులెత్తుమనుడు.